రెండోది నా దగ్గరుంది

నేను ఒక నైట్రోజన్ క్యాన్‌ను. ఆ మాట వినగానే మీకు పాల క్యాను గుర్తొస్తే తప్పు మీది కాదు, పైకి చూడడానికి అలాగే ఉంటాను. అల్యూమినియం ఒళ్ళు, సన్నటి మెడ, పట్టుకోవడానికి రెండు చెవులు. లోపలి సంగతి వేరు. మీ ఇంట్లో ఫ్రిజ్ ఉంటుంది కదా, దాని చలి నా లెక్కలో రోహిణి కార్తె ఎండ. నా కడుపులో ఉండేది సున్నాకు నూట తొంభై ఆరు డిగ్రీల దిగువ చలి. అంత చలి మింగి కూర్చున్నా, నా ఒంటి మీద చెయ్యి వేస్తే మామూలు బిందె మీద వేసినట్టే ఉంటుంది. కోపం కడుపులో పెట్టుకుని పైకి నవ్వే మనుషులను మీరు చూసే ఉంటారు. ఏదో ఒక పెళ్ళిలోనో ఆస్తి పంపకంలోనో అది బయటపడుతుంది. నాకు అలా బయటపడే అలవాటు లేదు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి. పని చేసినవాళ్ళు చెప్పుకోకపోతే, చేయనివాళ్ళు చెప్పుకుంటారు.

ఫ్యాక్టరీలో ఒక పాత్రలో ఇంకో పాత్ర దింపి, రెండింటి నడుమ ఉన్న గాలినంతా లాగేసి, మెడ దగ్గర అతికి నన్ను తయారుచేశారు. నా విలువంతా ఆ ఖాళీలోనే ఉంది. అది చెడితే నేనూ మీ వంటింటి బిందే ఒకటే. తయారైన వాళ్ళందరినీ ఒకే లారీలో ఎక్కించారు. నా తోడబుట్టినవాళ్ళలో చాలామంది పశువుల ఆసుపత్రులకు పోతున్నారు. ఆవులకూ గేదెలకూ చూడి కట్టడానికి సూది వేస్తారు కదా, ఆ విత్తనాన్ని వాటిలో దాస్తారు. నాకు మాత్రం ఒంగోలులో మనుషుల ఆసుపత్రి అని చీటీ అంటించారు. దారి పొడుగునా నేను వాళ్ళతో మాట్లాడితే ఒట్టు. కలెక్టరాఫీసులో ఉద్యోగమొచ్చిన పెద్దన్న, పేడ ఎత్తే తమ్ముళ్ళను చూసినట్టు చూశాను.

కర్నూలు రోడ్డులో మేడ మీద, పిల్లలు కలగనివాళ్ళకు వైద్యం చేసే ఆసుపత్రి అది. డాక్టరమ్మ పేరు మృదులాదేవి. నన్ను చూసుకునే మనిషి సుభాని. భార్య నుంచి అండాలు, భర్త నుంచి బీజం తీసుకుని, ల్యాబులో కలిపి, అయిదు రోజుల పాటు పెంచేది అతనే. అలా తయారైన వాటిని వాళ్ళు ఎంబ్రియోలంటారు. కంటికి ఆనవు, నలక కన్నా చిన్నవి. నేను వాటిని మొలకలంటాను. ఒక మొలకను తల్లి గర్భంలో పెడతారు. మిగిలినవాటిని సన్నటి పుల్లలాంటి గొట్టాల చివర పెట్టి, తల్లి పేరు రాసి, నాలోకి దింపుతారు. నా దగ్గర వాటికి ఆకలి ఉండదు, వయసు పెరగదు. సుభాని వారానికోసారి కొలకర్ర ముంచి నైట్రోజన్ ఎంత ఉందో చూసి, తగ్గినంత పోస్తాడు. కరెంటుతో నాకు పని లేదు. తుఫానుకు ఊరంతా చీకటైనప్పుడు ల్యాబులో మిషన్లన్నీ జనరేటరు కోసం కేకలు పెడితే, నేను కడుపులో చల్ల కదలకుండా కూర్చున్నాను.

ల్యాబుకు అద్దాల తలుపు ఉంది. నా చోటు ఆ తలుపు పక్కనే కాబట్టి ఎదురుగా హాలు గోడ కనిపించేది. గోడకు ఒకే ఒక ఫొటో. తెల్లటి గుడ్డల్లో చుట్టిన ముగ్గురు పసిపిల్లలు వరుసగా పడుకుని ఉంటారు. వచ్చినవాళ్ళంతా దాని ముందు ఆగేవాళ్ళు. కొందరు అద్దాన్ని తాకి చేతులు కళ్ళకద్దుకునేవాళ్ళు. అటునుంచి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి, "మాకూ రెండో మూడో పెట్టండి" అనేవాళ్ళు. చేలో గుప్పెడు చల్లితే నాలుగన్నా మొలవవా అన్నది వాళ్ళ లెక్క. ఆ ఫొటో సంగతి డాక్టరమ్మ ఎవరికీ చెప్పేది కాదు. నేనూ అది ఆసుపత్రి గొప్ప కోసం పెట్టిందేననుకుని, మనం మంచి చోటికే వచ్చామని మురిసిపోయాను.

నాలోకి ఎన్నో పేర్లు వచ్చాయి, పోయాయి. ఒక్క పేరు మాత్రం నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది. మల్లీశ్వరి.

చీమకుర్తి దగ్గర పల్లెటూరు వాళ్ళది. భర్త బ్రహ్మయ్య గ్రానైటు పలకలు పాలిష్ పట్టే పనిలో ఉండేవాడు. ఎంత స్నానం చేసినా అతని చెవుల వెనక రాతిపొడి తెల్లగా మిగిలేది. అతని తల్లి ఆదెమ్మ నాలుగు గేదెలు పెట్టుకుని పాలు పోసేది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా మల్లీశ్వరికి కడుపు పండలేదు. ఊళ్ళో సీమంతాలకు పిలవడం మానేశారు. పిలిచిన ఆ ఒక్క ఇంట్లోనూ ఆమె చేత గాజులు తొడిగించలేదు. ఆ సంగతి సుభానికి ఆదెమ్మే చెప్పింది, ముక్కు చీదుకుంటూ. ఆదెమ్మ నోట్లో నువ్వుగింజ నానదు కానీ, కోడలిని ఎవరన్నా ఒక మాటంటే ఊరుకునే మనిషి కాదు.

మల్లీశ్వరి మొలకలు మూడు తయారయ్యాయి. మొదటిసారి డాక్టరమ్మ ఒకటే పెడతానంది. మల్లీశ్వరి పొట్టి మనిషి, అసలే బీపీ ఉంది. రెండు పెట్టమని బ్రహ్మయ్య బతిమాలాడు కానీ డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఒకటి లోపలికి, రెండు నా దగ్గరికి వచ్చాయి.

ఆదెమ్మ మాత్రం తన వైద్యం తను చేసింది. రెండు పండ్లు ఒకటిగా అతుక్కుని కాసిన అరటిపండు ఉంటుంది చూడండి, జంట పండు, అది తిన్న ఆడపిల్లకు కవలలు పుడతారని మా వైపు నమ్మకం. అందుకే పెళ్ళికాని పిల్ల చేతిలో అది కనిపిస్తే పెద్దవాళ్ళు లాగేసుకుంటారు. ఆదెమ్మ కూడా తన కూతుళ్ళ చేతుల్లోంచి ఎన్ని లాగేసిందో. అలాంటి మనిషి ఒంగోలు పండ్ల మార్కెట్టంతా గాలించి, ఒక జంట పండు వెతికి పట్టుకుని, కొంగులో దాచి తెచ్చి, మెట్ల మీద కోడలి చేత రెండు సగాలూ తినిపించింది.

రెండు వారాల తర్వాత రక్తపరీక్ష చేశారు. నిలబడలేదు.

ఆ మధ్యాహ్నం మల్లీశ్వరి ఆ ఫొటో కింద కుర్చీలో కూర్చుంది. ఏడవలేదు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, దాని జిప్పు తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది. అద్దంలోంచి చూస్తూ నాకు చాలా బాధ కలిగింది. నా కడుపులో ఆమె మొలకలు రెండున్నాయి, భద్రంగా ఉన్నాయి. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు లేదు.

ఆదెమ్మ తీర్పు వెంటనే వచ్చింది. "పండు రెండు తిన్నది. లోపల పెట్టింది ఒకటి. లెక్క కుదరకపోతే ఎట్టా నిలబడుద్ది?"

నవ్వుతారేమో, ఆ లెక్కే వాళ్ళను మళ్ళీ తీసుకొచ్చింది. మూడు నెలలకు ముగ్గురూ ఒకే మాట మీద మెట్లెక్కారు. డాక్టరమ్మ వాళ్ళను హాల్లోనే, నా తలుపు ముందే కూర్చోబెట్టి మాట్లాడింది.

"మిగిలిన రెండూ పెట్టేయండి మేడం. ఒకటి పోయినా ఒకటి ఉంటది" అన్నాడు బ్రహ్మయ్య.

"రెండూ నిలబడితే?"

"ఇంకా మంచిది గదా!" అంది ఆదెమ్మ. "ఒకే కాన్పులో ఇద్దరు. మళ్ళీ ఈ మెట్లెక్కే పనుండదు."

డాక్టరమ్మ మల్లీశ్వరి వైపు చూసింది. "నువ్వేమంటావు?"

"నాకూ అదే మేలనిపిస్తంది మేడం" అంది మల్లీశ్వరి నెమ్మదిగా. "ఆ రక్తపరీక్ష ఫోను కోసం ఇంకోసారి కూర్చునే ఓపిక నాకు లేదు. ఏదైనా ఒకేసారి అయిపోనీండి."

"ఒకటి పెడితే తప్పకుండా నిలబడుతుందని నేను మాటివ్వలేను, మల్లీశ్వరీ. పోయినసారి నిలబడలేదు, నువ్వే చూశావు. రెండు పెడితే ఈసారికి అవకాశం కాస్త పెరుగుతుంది, అదీ నిజమే. కానీ రెండూ నిలబడితే వచ్చే ముప్పు అంతకన్నా చాలా ఎక్కువ. నీకు, వాళ్ళకూ. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకున్నా, చివరికి ఒళ్ళోకి బిడ్డ వచ్చే అవకాశం దాదాపు అంతే ఉంటుంది. కాస్త ఆలస్యమవుతుంది, అంతే."

"అది కాదు తల్లీ," అని ఆదెమ్మ గోడ మీదికి వేలు చూపింది, "ముగ్గురిని ఆడ తగిలించుకుని మాకు ఇద్దరు కూడా వద్దంటావేంది?"

డాక్టరమ్మ లేచి వెళ్ళి ఫొటో పక్కన నిలబడింది.

"ఇది నా గొప్ప కోసం పెట్టలేదు ఆదెమ్మగారూ. ఆ తల్లికి మూడు పెట్టింది నేనే. అప్పట్లో మిగిలినవి దాచే వీలు మాకు లేదు. పారేయడానికి ఆమెకూ మనసొప్పలేదు, నాకూ ఒప్పలేదు. మూడూ నిలబడ్డాయి. స్వీట్లు పంచుకున్నాం. ఏడో నెలలో ఆమెకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి తీశాం. ముగ్గురి బరువూ కలిపితే ఒక నిండు బిడ్డ బరువు. అద్దాల పెట్టెల్లోకి పంపే ముందు వాళ్ళ నాన్న తీసుకున్నాడు ఈ ఫొటో. చివరనున్న పాప ఆ వారం దాటలేదు. నడిమి బాబుకు చూపు సరిగా రాలేదు."

ఆ గోడనే చూస్తూ అన్నాళ్ళూ మురిసిపోయినందుకు నాకు సిగ్గేసింది.

"మరి ఇంకా గోడకెందుకు మేడం?" అంది మల్లీశ్వరి.

"తల్లే తీయొద్దంది. ముగ్గురూ కలిసున్న ఫొటో ఇదొక్కటే. ఏటా ఇద్దరినీ తీసుకుని వస్తుంది. ముందు దీని దగ్గరికి పోతుంది, తర్వాతే నా దగ్గరికి. అది జరిగాకే నేను అప్పుచేసి ల్యాబులో ఆ క్యాను పెట్టించాను, మిగిలింది దాచడానికి."

అప్పటికి తెలిసింది నాకు, నేను ఎవరి కోసం వచ్చానో.

మల్లీశ్వరి చేతిసంచి జిప్పు మూసింది, తెరిచింది. ఆమె అసలు భయం అప్పుడు బయటికొచ్చింది. "ఉన్నయ్యే రెండు మేడం. ఒకటి నాలో పెట్టి, రెండోదాన్ని అట్టనే ఉంచితే, ఆ చలికి చస్తే? గడ్డ కట్టించింది మళ్ళీ బతుకుద్దా? నాకు ఇంక సూదులు పొడిపించుకునే శక్తి లేదు. ఉన్నది ఉన్నప్పుడే నా కడుపులో ఉంటే, నా దగ్గరున్నట్టుంటది."

"కరిగించేటప్పుడు ఎప్పుడో ఒకటి పోతుంది. చాలావరకు బాగానే బతుకుతాయి" అంది డాక్టరమ్మ, నావైపు చెయ్యి చూపిస్తూ. "అదిగో, నీ రెండూ దాంట్లోనే ఉన్నాయి."

ఆదెమ్మ లేచి వచ్చి అద్దానికి ముక్కు ఆనించి నన్ను ఎగాదిగా చూసింది. నేను నా శక్తికొద్దీ ఠీవిగా నిలబడ్డాను.

"ఇదా?" అంది. "ఇది మా మాలకొండయ్య బండికి కట్టుకొచ్చే క్యాను గదా! గేదెలకు సూదేసే క్యాను!"

నాకు తల కొట్టేసినట్టయింది. ల్యాబులో వినయంగా చెప్పులు విడిచి అడుగుపెట్టే డాక్టర్ల మధ్య బతికినదాన్ని, గేదెల క్యానా? నా ఒంట్లో చలి లేకపోతే ఆ క్షణంలో ఆవిరైపోయేదాన్ని. సుభాని అటు తిరిగి నవ్వుకుంటున్నాడు. అతన్ని నేను చాలా రోజులు క్షమించలేదు.

కానీ ఆదెమ్మ ముఖం చూడాల్సింది. అప్పటిదాకా బిగుసుకుపోయి ఉన్న ముఖం విప్పారింది. కోడలి భుజం పట్టుకుని అద్దం దగ్గరికి లాక్కొచ్చింది.

"అమ్మాయ్ మల్లీ, ఇట్రా. మన బూడిదరంగు గేదె యాడనుంచి వచ్చిందనుకున్నావ్? ఇట్టాంటి దాంట్లోంచే. దాని తండ్రి దున్న చచ్చి ఎన్నేళ్ళయిందో మాలకొండయ్యకే తెలవదంట. దాని దూడలు ఈనాటికీ మనూళ్ళో పాలిస్తన్నయ్. దీంట్లో పెట్టింది చెడదే పిల్లా. నా మాట నమ్ము. పోయినేడు పెదనాయన గారి జెర్సీ ఆవుకి జంట దూడలు పడితే ఏమయిందో చూశావు గదా? ఒకటి పుడతానే పాయె. ఆవు లేవడానికే నెల పట్టె. జంట జంట అని ఇన్నాళ్ళూ ఎగబడ్డా గానీ, ఆ సంగతే నాకు తోచలా."

మల్లీశ్వరి నావైపు చూసింది. అంతకు ముందు నన్ను చాలామంది చూశారు, ల్యాబులో ఒక సామానును చూసినట్టు. ఆమె అలా చూడలేదు. బిడ్డను ఎవరి చేతిలోనన్నా పెట్టి బస్సెక్కాల్సి వచ్చినప్పుడు ఆ మనిషిని ఎలా చూస్తారో అలా చూసింది. నేను ఇంకేమీ ఆలోచించలేదు, ఈమె మొలక నా దగ్గర చెడితే నేనెందుకు పనికొస్తాను అనుకున్నాను.

"ఐతే ఒకటే పెట్టండి మేడం" అంది. "రెండోది దాని దగ్గరుండనీండి."

బ్రహ్మయ్య భార్య ముఖం చూసి తలూపాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఆదెమ్మ మళ్ళీ జంట పండు తెచ్చింది. ఈసారి కొంగులో దాచలేదు. డాక్టరమ్మ ఎదుటే రెండుగా విరిచి ఒక సగం కోడలికిచ్చింది. రెండో సగం సుభాని చేతిలో పెట్టి, "ఇది దానికి పెట్టు నాయనా" అని నన్ను చూపించింది.

"ల్యాబులోకి తినేవి తేకూడదు ఆదెమ్మా."

"ఐతే దాని తరఫున నువ్వు తిను. లెక్క కుదరాలి."

సుభాని నా తలుపు అవతల నిలబడి, మాస్కు కిందికి లాక్కుని, నా వాటా అరటిపండు తిన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి నా మూత తీశాడు. తెల్లటి ఆవిరి పొర్లింది. అతను మల్లీశ్వరి పేరు బయటికి చదివాడు, పక్కనున్న నర్సు ఇంకోసారి చదివింది. రెండు గొట్టాల్లో ఒకటి నాలోంచి పైకి వెళ్ళింది. నేను ఎప్పుడూ లేనంత భయపడింది అప్పుడే. కరిగించాక అతను మైక్రోస్కోపు మీద వంగాడు. వంగినవాడు లేవడు. చివరికి తల ఎత్తి, "బాగుంది మేడం. చక్కగా విచ్చుకుంటోంది" అన్నాడు. ఎవరికీ వినపడలేదు గానీ నేను ఆ గదిలో కేకపెట్టినంత పని చేశాను.

ఈసారి ఫోను మంచి కబురే చెప్పింది. స్కానింగులో ఒక గుండె చప్పుడు వినిపించింది. నెలలు నిండి, బిడ్డ బరువుగా, కేరుమంటూ పుట్టాడు. ఆదెమ్మ గేదె మొదటి ఈత జున్ను తెచ్చి ఆసుపత్రి మొత్తానికి పంచి, వాణ్ణి తీసుకొచ్చి అద్దాల తలుపు ముందు ఎత్తి పట్టుకుని నాకు చూపించింది. తేజ అని పేరు పెట్టారు. నా దగ్గర మూడు నాలుగు నెలలున్న మొలకకు రెండు పిడికిళ్ళు, బొద్దు బుగ్గలు, పెద్ద గొంతు. మీరు మీ పిల్లల గురించి చెప్పుకునేటప్పుడు వినేవాళ్ళకు విసుగొస్తుందని ఎప్పుడన్నా ఆపారా? నేనూ ఆపను.

రెండోది నా దగ్గరుంది. ఒంగోలు ఎప్పుడు వచ్చినా ఆదెమ్మ మేడెక్కి తొంగి చూసి పోయేది.

"ఎట్టుంది నా మనవరాలు?"

"మనవరాలో మనవడో నాకేం తెలుసు ఆదెమ్మా? ఎవరికీ తెలియదు. బాగానే ఉంది" అనేవాడు సుభాని.

కరోనా వచ్చింది. రోడ్లు మూశారు. నైట్రోజన్ లారీ రావడం ఆగిపోయింది. మొదట్లో నేను లెక్కచేయలేదు. రోజులు గడిచేకొద్దీ సుభాని కొలకర్ర ముంచి చూసి ముఖం చిన్నబుచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీకి ఫోను చేస్తే డ్రైవర్లు లేరన్నారు. ఇంకో చోట అడిగితే ఆక్సిజన్ తప్ప ఇంకేమీ నింపడం లేదన్నారు. నా అడుగున మిగిలింది కొద్దిగానే. నాలో మల్లీశ్వరి ఒక్కతిదే కాదు, ఇంకా ఎందరివో ఉన్నాయి. కానీ నాకు ఆమె చూపే గుర్తొచ్చేది. రెండోది దాని దగ్గరుండనీండి అంది. నేను ఉంచుకోలేకపోతే?

సుభాని దిక్కుతోచక ఆదెమ్మకు ఫోను చేశాడు. ఎందుకు చేశాడో అతనికే తెలియదు, బహుశా ముందుగా చెప్పుకోవాలనుకున్నాడేమో. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి ముందు మోటారుసైకిలు ఆగింది. వెనక సీటుకు తాళ్ళతో కట్టిన క్యాను, ముందు సీటు మీద ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి. గేదెలకు సూదులేసే మాలకొండయ్య. పశువుల పనికి వెళ్ళేవాళ్ళను పోలీసులు ఆపడం లేదు. పశువుల ఆసుపత్రి నిల్వలోంచి డాక్టరును అడిగి పట్టుకొచ్చాడు.

"ఆదెమ్మ నిద్రపోనీలా సార్" అన్నాడు. "మా మనవరాలు ఎండిపోతా ఉందిరా అని ఒకటే గోల."

సుభాని కాస్త తటపటాయించాడు. డాక్టరమ్మ అంది, "పోసెయ్ సుభానీ. నైట్రోజన్‌కు గేదె, మనిషి తేడా ఏం తెలుసు."

ఆ క్యాను మెడ నా మెడకు ఆనించి పోశారు. గీతలు పడిన ఒళ్ళు, సొట్టలు, మీద ఎండిన పేడ మరక. నాతోపాటు లారీలో వచ్చినవాళ్ళలో ఒకరేమో, నేను అప్పుడు ముఖం కూడా చూడలేదు కాబట్టి ఆనవాలు పట్టలేకపోయాను. ఆ చలి గొంతు దిగుతుంటే నా గర్వం కాస్త కరిగింది. పూర్తిగా కరిగిందని చెప్పను, నేను చలి మీద బతికేదాన్ని.

తేజకు మూడేళ్ళు దాటాక మల్లీశ్వరి మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె చేతిలో సంచి లేదు, పిల్లవాడి వేలుంది. ఆదెమ్మ మామూలు అరటిపండు ఒక్కటి తెచ్చింది. గొట్టం నాలోంచి పైకి వెళ్ళింది, సుభాని మైక్రోస్కోపు మీద వంగాడు, లేచాడు. మరుసటి ఏడు ఆడపిల్ల పుట్టింది. ఆదెమ్మ మాటే నెగ్గింది. పాపకు మనస్వి అని పేరు పెట్టి, మనూ అని పిలుచుకున్నారు.

పాపకు నెలలు గడిచాక డాక్టరమ్మ ఇద్దరికీ ఫొటో తీయించింది. చెల్లి అన్న ఒళ్ళో ఉంది, అన్న కష్టపడి మోస్తున్నాడు. దాన్ని హాలు గోడకు, ఆ ముగ్గురి ఫొటో పక్కన తగిలించింది. ఎవరన్నా వచ్చి రెండు పెట్టమంటే ఆమె అప్పటినుంచి రెండు ఫొటోల కథా చెప్పేది. ఆదెమ్మ హాల్లో కూర్చుంటే ఆ అవకాశం కూడా డాక్టరమ్మకు ఇచ్చేది కాదు. "నా మనవడూ మనవరాలూ కవలలు తెలుసా?" అని మొదలుపెట్టేది. "ఇద్దరూ ఒకే రోజు మొదలయ్యారు. ఒకడు ముందొచ్చాడు. రెండోది వాళ్ళమ్మ కోలుకునిందాకా అదిగో దాంట్లో కూర్చుని ఆగింది. ఎంత బుద్ధిమంతురాలో చూడు." వాళ్ళు నమ్మలేనట్టు నావైపు చూసేవాళ్ళు. నేను అప్పుడు ఎంత పొడుగు పెరిగేదాన్నో మీరు చూడాల్సింది.

ఆ తర్వాత ఒక పొద్దున సుభాని వచ్చేసరికి నా మెడ చుట్టూ మంచు కట్టి ఉంది. చెయ్యి వేశాడు. మొదటిసారి చల్లగా తగిలాను. రెండు గోడల మధ్య ఖాళీలోకి ఎక్కడో గాలి దూరింది. అతను నాలో ఉన్న గొట్టాలన్నీ కొత్త క్యానులోకి మార్చాడు. ఒక్కటి చెడలేదు. చివరి మొలకను కూడా క్షేమంగా అప్పగించాకే నేను పడ్డాను, ఆ మాట రాసి పెట్టుకోండి. మిగిలిన చలి ఆవిరై పోయేదాకా అతను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

పాత సామాను కొనేవాడు వచ్చి నా రెండు చెవులూ పట్టుకుని ఎత్తేసరికి మెట్ల మీద ఆదెమ్మ గొంతు వినిపించింది. "దించు దాన్ని. యాడికి తీసకపోతన్నావు? అది మా ఇంటి మనిషి."

ఇప్పుడు నేను ఆదెమ్మ గేదెల కొష్టంలో, వేపచెట్టు నీడలో ఉంటాను. గేదెల క్యాను అని ఒకప్పుడు అన్నందుకు అలిగానా, చివరికి గేదెల పక్కనే చేరాను. వాటిలో ఆ బూడిదరంగు గేదె నన్ను రోజూ వాసన చూస్తుంది. మాలకొండయ్య బండి వాకిట్లో ఆగినప్పుడు అతని క్యాను, నేనూ ఎదురెదురుగా ఉంటాం. ఈసారి నేను ముఖం తిప్పుకోవడం లేదు. నా మెడకు గుడ్డ కుక్కి, పైన మెత్తగా గోనె చుట్టి ఆదెమ్మ నన్ను పీట చేసింది. పాలు పితికేటప్పుడు పిల్లలు నా మీద కూర్చుంటారు.

మొన్న ఆదివారం పొద్దున ఆ చోటు కోసం ఇద్దరూ పోట్లాడుకున్నారు.

"నేను పెద్దోణ్ణి. లే" అన్నాడు తేజ.

మనూ కదల్లేదు. రెండు చేతులా నా చెవులు పట్టుకుంది. "నువ్వు కొన్నాళ్ళే ఉన్నావు దీంట్లో. నేను చానా ఏళ్ళున్నా. నాదే."

తేజ తీర్పు కోసం నాయనమ్మ వైపు చూశాడు. ఆదెమ్మ కుడితి చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ "దాని మాట నిజమేరా" అంది.

వాడు మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నా మీద సర్దుకుని కూర్చుని కాళ్ళు ఊపుతోంది. దాని ఒళ్ళు వెచ్చగా ఉంది. అంత చలిలో అన్నేళ్ళు ఉంచుకున్నా, ఎక్కడా ఆ చలి అంటనివ్వలేదు నేను. పనితనమంటే అదీ.